తొమ్మిది మూతల చింతగింజలు

ఉదయం పదకొండు గంటల ఐదు నిమిషాలకు ఒక రెండో తరగతి అమ్మాయి తన ముందున్న చింతగింజల కుప్పలను లెక్కపెట్టి, పరీక్ష చేయడానికి వచ్చిన ఉపాధ్యాయుడికి "ఎనిమిది" అని చెప్పింది. కుప్పలు తొమ్మిది ఉన్నాయి.

అది తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాతి రెండో విద్యాసంవత్సరం, నవంబరు నెల. అంతకు ముందటి ఏడాది నేను నాగర్‌కర్నూల్ నుంచి పదోన్నతి మీద ఇటిక్యాల మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడిగా వచ్చాను. ఈ హోదాలో ఉన్నవాడు తన బడితోపాటు చుట్టుపక్కల ఊళ్లలోని ప్రాథమిక పాఠశాలల బాగోగులు కూడా చూడాలి. ఆ బడుల సముదాయాన్ని స్కూల్ కాంప్లెక్స్ అంటారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వులను ఆ బడులకు చేర్చడం, అక్కడి సంజాయిషీలను పైకి పంపడం ఈ పనిలో ఎక్కువ భాగం. పై అంటే మొదట మండల విద్యాధికారి, ఆ తర్వాత జిల్లా కార్యాలయం.

ఆ నెలలో చిన్న తరగతుల పిల్లలకు మౌఖిక పరీక్ష జరిగింది. ఒక మండలం బడులను మరో మండలం ఉపాధ్యాయులు పరీక్షించాలి. ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి, వస్తువులు ఇచ్చి లెక్కపెట్టమని, ఆపై మొత్తం ఎన్నో చెప్పమని అడగాలి. తరగతి గదిలో ఉన్న వస్తువులనే వాడుకోవచ్చు. మొదటి జవాబునే నమోదు చేయాలి. ఎట్లా వచ్చిందని అడగకూడదు, సూచన ఇవ్వకూడదు. పిల్లలందరికీ ఒకే తీరు పరీక్ష జరగాలని పెట్టిన నియమం అది. సమంజసమైన నియమమే.

లెక్కపెట్టడం వేరు, మొత్తం చెప్పడం వేరు. ఒకటి నుంచి తొమ్మిది దాకా పాటలాగా చదివే పిల్లలు చాలామంది ఉంటారు. లెక్క ఎక్కడ ఆగితే ఆ సంఖ్యే మొత్తమని గ్రహించడం రెండో మెట్టు. తొమ్మిది దాకా లెక్కపెట్టి ఎనిమిదన్న పిల్ల ఆ రెండో మెట్టు ఎక్కలేదని పరీక్షకుడు రాసుకున్నారు. నియమం ప్రకారం ఆయన మరో మాట రాయడానికి వీల్లేదు.

ఆ తరగతి యశోద టీచరుది. సొంతూరు ఆత్మకూరు. వనపర్తిలో ఉంటూ రోజూ బస్సులో వచ్చి, ఆంజనేయస్వామి గుడి ఉన్న బీచుపల్లి దగ్గర దిగి, అక్కడినుంచి ఆటోలో బడికి చేరుకునేవారు. సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ప్రాథమిక తరగతులకు అన్ని పాఠాలూ చెప్పే ఉపాధ్యాయురాలు. తక్కువ మాట్లాడేవారు. సమావేశాల్లో వెనక వరుసలో కూర్చునేవారు.

ఆమె పిల్లలతో కల్లం ఆట ఆడించేవారు. పంట కొలిచే పద్ధతినే ఆటగా మార్చారు. నేల మీద చింతగింజల రాశి పోసి పిల్లలను చుట్టూ కూర్చోబెడతారు. కొలవడానికి ఒక సీసా మూత. కొలిచే ముందు ప్రతి ఒక్కరూ ఎన్ని మూతలవుతాయో అందాజగా చెప్పాలి. ఎవరి అందాజ దగ్గరగా వస్తే తర్వాతి ఆటలో కొలత వాళ్లది. కొలిచినవి వరుసగా కుప్పలు పోయాలి. పది కుప్పలు పూర్తి కాగానే ఒక గులకరాయి పక్కన పెట్టాలి. రాళ్లు పదులు, మిగిలిన కుప్పలు ఒకట్లు. స్థానవిలువ అనే మాట వాడకుండానే పిల్లలకు స్థానవిలువ అందేది. కల్లంలో పెద్దలు మొదటి కొలతకు ఒకటి అనరు, లాభం అంటారు. పిల్లలూ అట్లాగే అనేవారు. ఆమె వద్దనలేదు.

నేను మొదటిసారి చూసినప్పుడు తరగతిలో గోల గోలగా ఉంది.

"ముప్పై!" అని ఒకడు అరిచాడు.

"నీ మొకం ముప్పై. గది మీ తాత బొజ్జనుకున్నవా?" అని పక్కవాడు.

"పన్నెండే. గంతకు మించి కావు" అని ఒక అమ్మాయి మెల్లగా అన్నది. కొలిస్తే పదమూడు వచ్చాయి.

ఆ అమ్మాయి పేరు జమ్ములమ్మ. మొదటి తరగతిలో ఏడాదంతా ఆమె బడిలో మాట్లాడలేదట. పేరు పిలిస్తే చెయ్యి ఎత్తేది, అంతే. ఇంట్లో మాట్లాడుతుందని వాళ్ల నాన్న చెబితే టీచర్లు నమ్మాల్సి వచ్చింది. ఆమె గొంతు బడిలో మొదటిసారి వినిపించింది ఈ ఆటలోనేనని యశోద టీచరు నాకు చెప్పారు. పరీక్షలో ఎనిమిది అన్న పిల్ల కూడా ఈ జమ్ములమ్మే.

పరీక్షకుడు ఆమె ముందు చింతగింజలను తొమ్మిది మూతలు కొలిచి తొమ్మిది కుప్పలు పోశారు. ఆమె వేలితో తాకుతూ "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టి తొమ్మిది దాకా వెళ్లి, ఎన్ని అని అడిగితే ఎనిమిది అన్నది. ఒకటి అనే సంఖ్య పేరు రాలేదని, మొత్తం తెలియలేదని, తరగతిలో ఆడించే ఆట ఇందుకు కారణం కావచ్చని నివేదికలో వచ్చింది.

మండల విద్యాధికారి నన్ను కార్యాలయానికి పిలిచారు. కోపిష్టి మనిషి కాదు.

"ఆటలు వద్దంటలేను సార్. ఆటల తప్పు నేర్చుకుంటే జిల్లాల జవాబు నేను జెప్పాలె గద" అన్నారు. రెండు వారాల్లో తానే వచ్చి ఆ పిల్లను అడుగుతానని, జవాబు సరిగా రాకపోతే ఆటను ఆపించి పుస్తకం ప్రకారమే చెప్పించాలని అన్నారు. ఆ మాట నేను యశోద టీచరుకు చేరవేశాను.

"ఆపుమంటే ఆపుత సార్" అన్నారామె. "గని ఆ పిల్ల నోరు దెరిచిందే గీ ఆట కాడ. ఇది బందైతే మల్ల మూసుకుంటది. అప్పుడు లెక్కొస్తదో రాదో నాకెట్ల తెలుస్తది?"

తప్పు లాభం అనే మాట వల్లే వచ్చిందని ఇద్దరం అనుకున్నాం. లాభం అన్న తర్వాత దాన్ని సంఖ్యగా తీసుకోక, మనసులో ఒకటి తగ్గించుకుంటోందని మా అంచనా. మర్నాటినుంచి ఆటలో లాభం మాట తీసేశారు. మొదటి మూతకు అందరూ ఒకటి అనాలి. పిల్లలు రెండు రోజులు సణిగి అలవాటు పడ్డారు. జమ్ములమ్మ కూడా ఒకటి అనే మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, చివరికి తొమ్మిది. ఎన్ని అంటే ఎనిమిది. పదకొండు కుప్పలుంటే పది. ఆరు ఉంటే ఐదు.

పాఠ్యపుస్తకంలో బొమ్మలు లెక్కపెట్టమంటే మాత్రం తప్పు రాలేదు. ఏడు చిలుకలుంటే ఏడు అనేది. పలకలు లెక్కపెట్టమంటే సరిగానే చెప్పేది. కొలిచిన గింజల దగ్గరే ఒకటి తక్కువ. రెండో మెట్టు ఎక్కని పిల్ల అన్నిచోట్లా తడబడాలి కదా. శిక్షణ తరగతుల్లో నాకు చెప్పిన ఏ వివరణలోనూ ఇది ఇమడలేదు.

రెండో వారం మధ్యలో నేను ఆ బడికి వెళ్లి ఆట జరుగుతుండగా కూర్చున్నాను. ఆ రోజు కొలత జమ్ములమ్మది. యశోద టీచరు ఆమె ముఖం చూడకుండా చేతులు చూస్తున్నారు. కొలత అయిపోయింది. ఎన్ని అని అడిగే లోపే ఆ పిల్ల ఎడమ చేతి అంచుతో మొదటి కుప్పను వరుసలోంచి కొద్దిగా పక్కకు జరిపింది. రెండు వేళ్ల దూరం ఉంటుంది. అది చూసేవాళ్లకు వరుస సర్దుతున్నట్టే ఉంది.

"గదెందుకు జరిపినవ్ బిడ్డా?" అని యశోద టీచరు అడిగారు.

జమ్ములమ్మ ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయినట్టు చూసింది. "గది అంజన్నది టీచర్."

"ఏ అంజన్నది?"

"బీచుపల్లి అంజన్నది. మనది గాదు. మనది గిదంత" అని మిగిలిన వరుస మీద చెయ్యి తిప్పి చూపింది.

పక్కనున్న పిల్లవాడు నవ్వాడు. "మీ అంజన్న చింతగింజలు తింటడానే?"

"నీకేం తెల్సురా, మీ ఇంట్ల అంజన్నకు ఏం బెట్టరు" అని ఆమె వాడిని కసిరింది. అంత పొడుగు మాట ఆ పిల్ల నోట అంతకు ముందు నేను వినలేదు.

సాయంత్రం తండ్రి తిమ్మప్ప కూతురిని తీసుకుపోవడానికి బడికి వచ్చాడు. కొంత సొంత భూమి, కొంత కౌలు భూమి చేసే రైతు. పరీక్షలో కూతురికి తొమ్మిది తెలియదని రాశారని అప్పటికే విన్నాడు.

"ఏంది సార్ గిట్ల రాసిండ్రంట? కోళ్లను గూట్ల ఏసేటప్పుడు ఒక్కటి తక్కువైతే ఇల్లంత లేపుతది ఇది."

యశోద టీచరు విషయం చెప్పి, ఇంట్లో ఎట్లా కొలుస్తారని అడిగారు. అమ్ముకునేది తూకం వేస్తామని, ఇంటికి ఉంచుకునే జొన్నలు, కందులు మాత్రం శేరుతో కొలుస్తామని చెప్పాడు. కొన్ని ఇళ్లలో మొదటి శేరును లాభం అని రాశిలోనే కలుపుతారు. వీళ్ల ఇంట్లో అది పక్కన పెట్టి గుడికి ఇస్తారు. ఎన్ని శేర్లయినయని ఎవరైనా అడిగితే దాన్ని వదిలేసే చెబుతారు.

"దేవునిది గూడ మా లెక్కల కలుపుకొని చెప్పుకుంటే మంచిగుంటదా టీచరమ్మా, నువ్వే చెప్పు."

"మంచిగుండదన్నా. గని బడిల కలిపి చెప్పాలె."

"బడిల మీ ఇష్టం. కల్లంల మా ఇష్టం" అని నవ్వి కూతురిని తీసుకుని వెళ్లిపోయాడు.

యశోద టీచరు ఆ పిల్లకు నువ్వు చెప్పేది తప్పు అని చెప్పలేదు. ఆటలో ప్రశ్నను రెండు చేశారు. కొలిచినవి ఎన్ని, మనకు మిగిలేవి ఎన్ని. మొదటి కుప్పను పక్కకు జరపడం ఆటలో నియమంగా అందరికీ పెట్టారు. మూడు రోజుల్లో తరగతి అంతా రెండు జవాబులూ చెప్పసాగింది. ఎంతమంది దేవుళ్లయినా ఉండవచ్చని ఎవరో అనడంతో తీసివేతలు కూడా ఇందులోకి వచ్చాయి. తీసివేత ఆ తరగతికి మరో నెల తర్వాత రావలసిన పాఠం.

చెప్పిన గడువులోనే మండల విద్యాధికారి వచ్చారు. నేను ముందుగా ఏమీ వివరించలేదు. వివరిస్తే జవాబు నేర్పించి పెట్టినట్టు అవుతుంది. ఆయన స్వయంగా గింజలు కొలిచి తొమ్మిది కుప్పలు పోశారు. జమ్ములమ్మ లెక్కపెట్టింది. ఎన్ని అని ఆయన అడిగారు. ఆమె జవాబు చెప్పలేదు. గదిలో అందరూ చూస్తున్నారు. యశోద టీచరు కిటికీ వైపు తిరిగారు. ఆ పిల్ల మళ్లీ నోరు మూసుకుందనే అనుకున్నాను.

"దేవునిది తియ్యకముందు చెప్పాల్నా సార్, తీసినంక చెప్పాల్నా?" అని జమ్ములమ్మ అడిగింది.

ఆయన నా వైపు చూశారు. అప్పుడు రెండు మాటల్లో చెప్పాను.

"తియ్యకముందు చెప్పు" అన్నారు.

"తొమ్మిది."

"తీసినంక?"

"ఎనిమిది."

"ఇద్దరు దేవుళ్లుంటే?"

"ఏడు" అని, "గని మాకు ఒక్కడే సార్" అన్నది.

ఆయన నవ్వారు. ఆటను కొనసాగించవచ్చని అక్కడే చెప్పారు. మొదటి పరీక్ష ఫలితం మాత్రం మారలేదు. ఒకసారి నమోదు చేసిన జవాబును దిద్దడానికి నియమాల్లో వీలు లేదు. ఆ ఏడాది జిల్లా లెక్కల్లో జమ్ములమ్మ మొత్తం చెప్పలేని పిల్లగానే ఉండిపోయింది. దానివల్ల ఆమెకు ప్రత్యేక నష్టం జరగలేదు. వెనకబడిన పిల్లలకు ఇచ్చే అభ్యాస పత్రాలు కొన్ని అదనంగా వచ్చాయి. వాటిని ఆమె పక్కవాళ్లకు పంచిందని విన్నాను.

ఆ తర్వాతి కాంప్లెక్స్ సమావేశంలో ఈ సంగతిని ఉపాధ్యాయుల ముందు పెట్టాను. యశోద టీచరును ముందుకు వచ్చి చెప్పమంటే, మీరే చెప్పండి సార్ అని వెనకే కూర్చున్నారు. మా పరిధిలోని బడుల వరకు ఒక నిర్ణయం చేసుకున్నాం. పరీక్షలో మొదటి జవాబే నమోదు చేస్తాం, నియమం తప్పం. కానీ పరీక్ష ముగిశాక, తప్పు చెప్పిన ప్రతి పిల్లనూ మళ్లీ కూర్చోబెట్టి, ఎట్లా లెక్కపెట్టావో చూపించమని అడగాలి. చాలాసార్లు పిల్లలకు నిజంగానే తెలియదు. అది కూడా తెలుసుకోదగ్గదే. కొన్నిసార్లు మాత్రం వాళ్లు మనం అడగని ప్రశ్నకు సరైన జవాబు చెబుతుంటారు. ఆ రెంటినీ వేరు చేయడానికి జవాబు చాలదు, చేతులు చూడాలి. నా ఉద్యోగంలో సంఖ్యాబోధన గురించి నేను నేర్చుకున్నవాటిలో, ఇతరులకు చెప్పదగ్గది ఇదొక్కటే అనిపిస్తుంది.

నేను రిటైరైన తర్వాత యశోద టీచరు జబ్బు చేసి వనపర్తిలో చనిపోయారు. ఆమెకు ఇంకా చాలా సర్వీసు ఉంది. సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. క్రమశిక్షణ గల ఉపాధ్యాయురాలు అని చెప్పి కూర్చున్నాను. అది నిజమే గానీ ఆమె గురించి చెప్పవలసింది అది కాదు. ఆ రోజు మిగిలింది చెప్పగలిగే స్థితిలో నేను లేను.

కిందటేడు పని మీద గద్వాల వెళ్తూ ఆ బడి దగ్గర ఆగాను. ఇప్పుడున్న టీచరు బాగా చెబుతున్నారు. రోజువారీగా ఏ పేజీ చెప్పాలో పుస్తకంలోనే ఉంటుంది. పరీక్ష ఫోనులో జరుగుతుంది. పిల్ల జవాబు చెప్పగానే గుర్తు నొక్కితే తర్వాతి ప్రశ్న వస్తుంది. అది వేగంగా, అందరికీ సమానంగా జరుగుతుంది. తప్పు చెప్పిన పిల్లను మళ్లీ కూర్చోబెట్టి, ఎట్లా లెక్కపెట్టావో చూపించమని ఇప్పుడు అడగడం లేదు.