ఏడుతో పోని వ్యాగన్ నంబరు

మా చిన్నప్పుడు... కొండపల్లి రైల్వే గేటు పడిందంటే స్కూటర్లన్నీ ఇంజన్లు ఆపుకోవాల్సిందే. థర్మల్ స్టేషన్‌కి బొగ్గు తీసుకెళ్ళే గూడ్సు నత్తనడకన వచ్చి, ఒక్కోసారి గేటుకి అడ్డంగా ఆగిపోయేది కూడా...

ఆ రోజు డాడీ స్కూటర్ వెనక నేను. చేతిలో ప్రోగ్రెస్ కార్డు. ఏడో తరగతి క్వార్టర్లీలో లెక్కలు తప్పాను. లెక్క చూస్తే చాలు, నాకు కళ్ళనీళ్ళు తిరిగేవి. "వచ్చే ఏడాది నుంచి బెజవాడ హాస్టలే" అని డాడీ తేల్చేశారు. రేకుపెట్టె కూడా కొనేశారు. అమ్మ పక్కలో తప్ప నిద్రపట్టని పిల్లని... ఆ పెట్టె కంటబడకుండా దాని మీద దుప్పటి కప్పేసేదాన్ని.

ఎదురుగా ఆగిన వ్యాగన్ మీద తెల్లరంగు అంకెలు... 22089631425. ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

డాడీకి ఏం తోచిందో, "ఇది మూడుతో పోద్దో లేదో చెప్పు" అన్నారు.

రెండు వేల కోట్ల పైచిలుకు సంఖ్య! భయంభయంగానే భాగించబోయాను.

"భాగించబాకే తల్లీ. అంకెలన్నీ కూడు. వచ్చింది మూడో ఎక్కంలో ఉంటే ఇదీ పోద్ది."

కూడాను. నలభై రెండు. మూడు పద్నాలుగులు! అంత పెద్ద సంఖ్య ఇంత తేలిగ్గా లొంగిపోతే భలే సంబరమేసింది. ఆ ఊపులో, "ఏడార్లు నలభై రెండే కదా, ఏడుతోనూ పోద్ది డాడీ! ఏడు దేవుడి అంకని సండే స్కూల్లో చెప్పారుగా!" అనేశాను.

"దేవుడి అంకైనా అట్టా కుదరదమ్మా."

నాకు రోషం వచ్చింది. డాడీ జేబులో పెన్ను లాక్కుని భాగహారం మొదలుపెట్టాను. అవును, ప్రోగ్రెస్ కార్డు వెనకే... చివరికి ఒకటి మిగిలింది. మళ్ళీ చేశాను. ఆ ఒకటి కదల్లేదు.

"మూడుకి కుదిరింది కదా, ఏడుకెందుకు కుదరదు?"

డాడీ తల గోక్కున్నారు. "ఏమోనమ్మా... నాకూ తెలీదు."

ఇంటికెళ్ళగానే అమ్మతో, "హాస్టల్ వద్దులేవే. ఇవాళ లెక్క చూసి ఏడవలా... ఎందుకని అడిగింది" అన్నారు.

"మరి కొన్న పెట్టె?"

"కందిపప్పు పోసుకో."

అమ్మ కొంగులో మొహం దాచుకుని ఎంత ఏడ్చానో... సంతోషంతోనే లెండి.

జవాబు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. పదంటే తొమ్మిదీ ఒకటీ, వందంటే తొంభై తొమ్మిదీ ఒకటీ... ఆ తొమ్మిదులన్నీ మూడుతో పోతాయి కాబట్టి ఒక్కో చోటా మిగిలేది ఆ అంకే, ఇక చూసుకోవలసింది అంకెల మొత్తాన్నే. ఏడుకి ఆ వీలు లేదు, పదిలోనే మూడు మిగిలిపోతుంది. డాడీకి చెబితే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి మరీ విన్నారు.

ఇప్పుడు నేను మైలవరంలో లెక్కల టీచర్ని. ఎంత పెద్ద సంఖ్యనిచ్చినా పిల్లలు ఫోన్లో కొట్టి చిటికెలో చెప్పేస్తున్నారు. మంచిదే... కానీ డాడీ ఆ రోజు ఏదో ఒకటి చెప్పేసి ఉంటే నేను వెతికేదాన్ని కాదేమో. తెలియదని ఒప్పుకుని, ఆ ప్రశ్నను నాకే వదిలిపెట్టారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మీకలా వదిలేసిన ప్రశ్న ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి... జవాబు ఇంకా దొరక్కపోయినా పర్లేదు.