శౌరమ్మ అడిగే ప్రశ్నలు

గవర్నర్‌పేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గర శౌరమ్మ పద్దెనిమిదేళ్లు నర్సుగా చేసింది. చేరిన కొత్తలో ఆమె ప్రశ్నలకు డాక్టరుగారికి ఊపిరాడేది కాదు. ఆమె అన్న తనలో తాను మాట్లాడుకుంటూ ఇల్లు విడిచిపోయి మళ్లీ రాలేదు. ఎందుకలా అయ్యాడో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. అదే ఆమెను తొలిచేది.

తొంభై ఏడు వేసవిలో మైలవరం మామిడి రైతు రత్తయ్య, ఆయన భార్య మాణిక్యం కలిసి కూతురు సాయిశ్రీని తీసుకొచ్చారు. డిగ్రీ చదివే పిల్ల. గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని చెవులు మూసుకుని కూర్చుంటోంది. డాక్టరు చూసి మందులు రాశాక, తల్లిదండ్రులను శౌరమ్మ పక్కగదిలో కూర్చోబెట్టింది.

“పరీక్ష తప్పిందని చెయ్యి చేసుకున్నానమ్మా. నావల్లే అయింది,” అన్నాడు రత్తయ్య.

“కాదండీ, మా తోటికోడలు ఏదో చేయించింది,” అంది మాణిక్యం.

శౌరమ్మ ఇద్దరినీ కాదనలేదు. “ఈ ఏడు మీ మామిడికి కాపు లేదంటున్నారు. పూత ఎందుకు రాలిందండీ?”

“మంచు పట్టింది. తేనెమంచు పురుగు కూడా. చెట్లా, పాతబడ్డాయి.”

“అసలు కారణం ఏదంటారు?”

“ఇదీ అని ఎట్టా చెప్తామమ్మా?”

“ఈ జబ్బూ అంతేనండీ. పుట్టుకతో వచ్చేది కొంత. నిద్ర చాలకపోవడం, మనసు మీద ఒత్తిడి. కొందరికి గంజాయి, కొందరికి ఒంట్లో ఇంకేదో జబ్బు. ఒక్క చెంపదెబ్బకు రాదు. అలాగని కొట్టమాకండి. మీ రెండువైపులా ఎవరికైనా ఇలా ఉందా?”

మాణిక్యం భర్త వైపు చూడకుండా చెప్పింది. “మా మేనమామకు ఉండేది.”

ఇరవై రెండేళ్ల కాపురంలో రత్తయ్య ఆ మాట వినడం అదే మొదలు. “నాకెందుకు చెప్పలా?”

“చెప్తే పెళ్లి ఆగిపోయేది.”

“ఆయన పిల్లలెలా ఉన్నారమ్మా?” అడిగింది శౌరమ్మ.

“ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు.”

“చూశారా, ఇంట్లో ఒకరికి ఉందని అందరికీ రావాలని లేదు.”

మూడోసారి వచ్చేసరికి సాయిశ్రీకి ఆ గొంతులు కొంత తగ్గాయి. “అక్కా, నాకే ఎందుకొచ్చింది?” అంది.

“పూర్తిగా నాకూ తెలీదమ్మా. మొదట ఎప్పుడు వినపడింది?”

ఆ మాట సాయిశ్రీని ఇంట్లో ఎవరూ అడగనేలేదు. పరీక్షలకు ముందు నాలుగు రాత్రులు కునుకు లేకుండా చదివిందట. అప్పుడే మొదలైందట. “ప్రశ్నపత్రం చదువుతుంటే తిడుతూనే ఉన్నారక్కా. ఏమీ రాయలేకపోయాను.”

శౌరమ్మ రత్తయ్యను లోపలికి పిలిచి, సాయిశ్రీ చేత ఆ మాట మళ్లీ చెప్పించింది. ఆయన కూతురి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కొట్టినందుకు ఏదో అనబోయి, అనలేక, “ఏమని తిట్టేవాళ్లమ్మా?” అని అడిగాడు.

సాయిశ్రీ చెప్పడం మొదలుపెట్టింది. మైలవరం బస్సుకు వేళవుతున్నా ఆయన లేవలేదు.