కుప్ప దాచని అత్తయ్య

మా అత్తయ్య మొండిఘటమని పెళ్ళైన వారానికే నాకు తెలిసిపోయింది. మామయ్య పోయాక ఇటుకల బట్టీ ఈమె వల్ల ఏమవుతుందని మూతి తిప్పినవాళ్ళే, ఇప్పుడు ఇల్లు కట్టాలంటే మా గుమ్మంలో నిలబడతారు.

చల్లారిన ఇటుకలు రెండేసి తీసుకుని ఒకదానితో ఒకటి కొడుతుంది. ఖంగున మోగితే అమ్మకానికి. మోగకపోతే పెరట్లో కుప్పలోకి. ఆ కుప్ప ఎప్పుడూ నడుమెత్తు ఉంటుంది. ఆ ఇటుకల్ని పొడి చేసి మళ్ళీ మట్టిలో కలుపుతాం.

ఈ ఏడు కొత్త తిప్పలొచ్చాయి. చిన్న బట్టీలు నేలనీ గాలినీ పాడుచేయకుండా ఎన్నాళ్ళు నిలబడగలవో కొలవడానికి ఆఫీసరొస్తున్నాడట. వందకి అరవై మార్కులు రాకపోతే బట్టీ అంటించకూడదట. మా ఇల్లే కాదు, పదకొండుమంది పనివాళ్ళ ఇళ్ళూ దాని మీదే బతకాలి. వృథా కనిపిస్తే మార్కులు కోస్తారని పక్క బట్టీలవాళ్ళు పనికిరానివన్నీ గోతుల్లో పూడ్చేశారు. నేనూ మా కుప్ప మీద టార్పాలిన్ కప్పాను. దొంగసొత్తా కప్పిపెట్టడానికి అంటూ అత్తయ్య లాగి అవతల పారేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆఫీసరొచ్చాడు. మట్టిలో ఊక కలపడంతో మాకు బొగ్గు సగమే పడుతుందని తెలిసి మెచ్చుకున్నాడు. మట్టి తీసిన గోతులు పూడ్చి మొక్కలు నాటామని చూపిస్తే మార్కులేశాడు. కుప్ప చూడగానే మొహం మాడ్చుకుని బాగా కోసేశాడు. కూడితే యాభై ఆరు. నాలుగు తక్కువ.

మార్కుల కాగితం చదవమంది అత్తయ్య. చదివాను. ఇటుక నాణ్యతకి పదికి అయిదు. కొట్టి చూశారా అని ఆయన్ని అడిగింది. లేదమ్మా, అందరికీ అయిదే వేశానన్నాడు పాపం. ఆమె అమ్మకానికి పేర్చిన వరసలోంచి వంద ఇటుకలు దింపించి, కూర్చుని కొట్టమంది.

చేతులు ఎర్రబడేదాకా కొట్టాడు. తొంభైతొమ్మిది మోగాయి. ఒకటి మోగలేదు.

"ఆ కుప్ప ఇక్కడ లేకపోతే, ఎవరో ఒకరి గోడలో ఉండేది బాబూ," అంది అత్తయ్య.

ఆయన కాసేపు కుప్ప వైపే చూసి, అయిదు కొట్టేసి పది వేశాడు. అరవై ఒకటి! ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఈ మహాతల్లి ఆ మోగని ఇటుక తీసి ఆయన ముందు పెట్టింది.

"పది ఎలా వేస్తారు? ఇది మోగలేదుగా. తొమ్మిదే వేయండి."

వేశాడు. సరిగ్గా అరవై. ఆ సాయంత్రమే బట్టీకి నిప్పు పెట్టాం.