తెల్ల గుర్తు వేసిన రాయి

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. పెద్దది కూడా కాదు, ఒక్క మాట. పనిలో ఉండగా ఎన్నో మాటలు అంటాం, వాటిలో అదొకటి అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాసే అలవాటు నాది. వాన పడిందో లేదో, కూర ఏం వండుకున్నానో కూడా రాస్తాను. దీన్ని మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర. ఇల్లందు అవతల అడవిలో బొగ్గు తరలించడానికి కొత్త గూడ్సు లైను వేస్తున్నారు. నేను సర్వే ఓవర్సీరుని. మాది వేంసూరు వైపు వ్యవసాయ కుటుంబం. అప్పటికి పెళ్లి కాలేదు. అడవిలో ఒక డేరా, నేల ఎత్తుపల్లాలు కొలిచే, మూడు కాళ్ల మీద నిలబడే లెవెల్ యంత్రం, ఇద్దరు కూలీలు. పొద్దు వాలాక కూలీలు ఇళ్లకు పోతే మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు.

లైను పోయే దారిలో ఒక కోయ గూడెం వాళ్ల రాళ్లు ఉన్నాయి. చనిపోయినవాళ్ల పేరున నిలబెట్టుకునే రాళ్లు. కొన్ని సరిగ్గా దారిలోనే. కొన్ని వాగు అవతల, దారికి దూరంగా. లైను గుర్తుగా మేము పగలు పాతిన కొయ్య మేకులు తెల్లారేసరికి పీకి ఉండేవి. మళ్లీ కొలిచేవాళ్లం. మళ్లీ పీకేవాళ్లు. ఇంతలో పెద్ద ఇంజనీరు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది.

గూడెం పెద్ద లచ్చయ్య. మేకులు పీకేది తానేనని దాచేవాడు కాదు. పీకినవాడే సాయంత్రం వచ్చి డేరా ముందు కూర్చుని చుట్ట కాల్చేవాడు. ఆ అడవిలో నాకున్న తోడు అతనొక్కడే. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగా ఉంది.

ఒకరోజు యంత్రంలోంచి చూస్తానన్నాడు. ఆ పాత లెవెల్‌లో అన్నీ తలకిందులుగా కనిపించేవి. వాగు అవతల అతని భార్య రాయి వైపు తిప్పి పెట్టాను. ఆమె వానాకాలంలో పోయింది. వాగు పొంగి దాటలేక, రాయిని అటువైపే నిలబెట్టారు.

కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. నవ్వాడు. "మా ముసల్ది తలకిందుల నిలబడ్డది సారూ. బతికినన్నాళ్లు నన్ను గట్లనే నిలబెట్టింది."

ఆ ఉదయమే, లైను దారిలోనే ఉన్న గూడెం వాళ్ల పెద్దరాయి మీద నేను తెల్లరంగుతో బాణం గుర్తు వేశాను. ఎత్తుపల్లాలు కొలవడానికి కదలని ఆధారం ఒకటి కావాలి. కొలతలు అయిపోయాక దానితో పని ఉండదు. అది లచ్చయ్యకు తెలియదు. అడవి శాఖ వాళ్లు హద్దురాళ్లకు తెల్లరంగు వేయడం, వాటిని కదిపినవాళ్లను పట్టుకుపోవడం మాత్రం అతను చూశాడు.

"మా పెద్దరాయికి రంగేసినవ్, ఏంది సంగతి? ముట్టరా దాన్ని?"

"ముట్టరు లచ్చయ్యా. సర్కారు గుర్తు అది."

"మరి మిగిలినయి?"

ఒక్క క్షణం ఆగాను. "దాని పక్కన ఉన్నవాటి జోలికి కూడా ఎవరూ రారు."

"అవ్, గిట్ల ముందే చెప్పరాదు? ఊకె మేకులు పీకి పీకి నా నడుము పడిపోయింది."

ఆగాను అన్నాను కదా. ఆ క్షణంలో నాకు తెలియదా? తెలుసు. నిజం చెబితే ఏమయ్యేది? భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసుకు పోయి అర్జీ పెట్టేవాళ్లేమో, పని ఆగిపోయేదేమో. లేదా దారిలో ఉన్న రాళ్లను వాళ్లే వాగు అవతలికి మార్చుకునేవాళ్లు. బొగ్గు నిండిన బండి ఎక్కాలంటే నేల వాలు తక్కువగా ఉండాలి, కాబట్టి లైను పక్కకు జరగదు. రాళ్లు జరుగుతాయి. ఈ సంగతి విడమరిచి చెప్పడానికి ఒక పూట చాలు. చెప్పలేదు. మేకులు నిలబడితే చాలనుకున్నాను.

మేకులు నిలబడ్డాయి. కానీ గూడెం వాళ్లు రాళ్లు మోసుకురావడం మొదలుపెట్టారు. దూరంగా, ఏ ప్రమాదమూ లేనిచోట ఉన్నవాటిని కూడా పెకలించి, కల్లు పోసి, డోలు వాయిస్తూ తెచ్చి, తెల్ల గుర్తు పక్కన నిలబెట్టారు. లచ్చయ్య తన భార్య రాయిని భుజాన పెట్టుకుని, మోకాలి లోతు వాగు దాటి వచ్చాడు. దారికి అడ్డంగా నేను, నా యంత్రం.

"జరుగు సారూ, ముసల్ది బరువుంది," అన్నాడు.

జరిగాను. యంత్రాన్ని కూడా పక్కకు జరిపాను.

ఇంజనీరు వచ్చి పని మెచ్చుకుని పోయాడు. మట్టిపని మొదలయ్యే ముందే నా గుర్తును దూరంగా ఉన్న ఒక బండ మీదికి మార్చుకున్నాను. అంతా పద్ధతి ప్రకారమే. దారిలో అడ్డంకులేమీ లేవని కంట్రాక్టరుకు చెప్పింది కూడా నేనే. గూడెం మొత్తం ఇప్పపూలు ఏరడానికి లోపలి అడవికి పోయిన రోజుల్లో యంత్రాలు వచ్చాయి. వాళ్లు తిరిగొచ్చేసరికి రాళ్లన్నీ లైను కోసం పోసిన మట్టికట్ట కింద ఉన్నాయి.

లచ్చయ్య డేరాకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదేమో. వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "నిన్ను గూడ మోసం చేసిండ్రు గదా సారూ," అన్నాడు.

తల వంచుకున్నాను. అది దుఃఖంలా కనిపించింది. అలా కనిపించాలనే వంచాను. సారు మంచోడే, పైవాళ్లే మాట తప్పిండ్రని గూడెంలో అందరికీ చెప్పాడట. నేను డేరా ఎత్తేసిన రోజు ఆకుదొన్నెలో ఇప్పపూలు తెచ్చి ఇచ్చాడు. తీసుకున్నాను. తిన్నాను కూడా.

మొదటి అబద్ధం భయంతో చెప్పానని అనుకోవచ్చు. ఉద్యోగ భయం, పని ఆగుతుందన్న భయం. మరి రెండోది, ఆ తల వంచడం? అప్పటికి పని అయిపోయింది, నాకు పోయేదేమీ లేదు. నన్ను చూసి నవ్వే ఒక్క మనిషీ నవ్వడం మానేస్తాడని, అంతే. ఒంటరితనం అంత పని చేయిస్తుందా? లేక నాకు నేను మరో సాకు వెతుక్కుంటున్నానా?

ఎనభైల్లో ఒకసారి గూడ్సు బండి చివరి పెట్టెలో గార్డు పక్కన కూర్చుని ఆ లైను మీద పోయాను. రాళ్లు పూడిపోయిన చోట, లచ్చయ్య కట్ట వాలు మీద ఆకులో ఏదో పెడుతున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను.

అతను పోయాడని తొంభైల్లో తెలిసింది. రాయి ఎక్కడ నిలబెట్టారని అడగలేదు. వాగు అవతలే నిలబెట్టి ఉంటారు. అతని భార్య రాయి ఇవతల, బొగ్గు బళ్ల కింద.

నా భార్యకు కూడా ఇది ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పోయాక ఖమ్మంలో కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. చెప్పాల్సింది నిజానికి రెండు ముక్కలే. లచ్చయ్యా, నన్నెవరూ మోసం చేయలేదు. మాట ఇచ్చిందీ నేనే, తప్పుతుందని తెలిసి ఇచ్చిందీ నేనే.

అతనికి చెప్పవలసింది మీకు చెప్పాను. క్షమించమని అడగను, ఆ హక్కున్న మనిషి లేడు. కానీ ఈ సంగతి తెలిసినవాణ్ణి ఇకమీదట నేనొక్కణ్ణే కాదు.