చెయినా, బెల్టా

“కొండ మలుపులో ఇంజను పట్టేస్తే? వెనక సీట్లో పాప ఉండి, ఆ వెనక లారీ వస్తుంటే?”

ఈ మాట అతను భార్యతో అన్నాడు, మామగారితో ఫోనులో అన్నాడు, పళ్లు తోముకుంటూ అద్దంలో తనతో తనే అన్నాడు. భార్య మొదటిసారి ఓపిగ్గా విన్నది. రెండోసారి, “నిన్న లారీ లేదు కదండీ, ఎప్పుడొచ్చింది?” అంది.

అతను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. ఊళ్లోని కుళాయిల నుంచి సీసాల్లో పట్టి తెచ్చిన నీళ్లలో కంటికి కనిపించనివి వెతకడం అతని ఉద్యోగం. పొద్దస్తమానం కనిపించనివాటి వెంట పడే మనిషికి ఇంటికొచ్చాక మాత్రం ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? పాప పుట్టాక మరీ ముదిరింది. పాప తుమ్మితే ఊపిరితిత్తుల గురించి బెంగ, తుమ్మకపోతే ముక్కు గురించి బెంగ.

ఈసారి భయానికి కారణం లేకపోలేదు. కొండ అవతలి ఊరి ఆస్పత్రిలో, మందులిచ్చే విభాగంలో భార్యకు ఉద్యోగం వచ్చింది. పాప కోసం వదులుకున్న పని మళ్లీ చేతికి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అక్కడే సిబ్బంది పిల్లల్ని చూసుకునే గది కూడా ఉంది. సోమవారం నుంచి తల్లీ కూతుళ్లు పొద్దున కొండ ఎక్కి దిగాలి, సాయంత్రం మళ్లీ ఎక్కి దిగాలి. బస్సు ఉంది గానీ అది ఆమె పనివేళకు అందదు. అందుకే ఒక పాత చిన్న కారు కొన్నారు. ఇంజను చిన్నదే, కాని దానికి టర్బో ఉంది. బయటికి పోయే పొగ ఊపుతో గిర్రున తిరుగుతూ ఇంజనులోకి గాలిని దట్టించే చిన్న చక్రం అది. చిన్న ఇంజను కొండ ఎక్కేది దాని చలవ వల్లే. కొన్న కొన్నాళ్లకే ఒక మలుపులో స్టీరింగు ముందు, ఇంజనుకు నూనె తగ్గిందని హెచ్చరించే దీపం ఎర్రగా వెలిగి ఆరిపోయింది. చూసింది భార్య. నిద్ర కరువైంది అతనికి.

అతను చదవడం మొదలుపెట్టాడు. చదివినకొద్దీ ముఖం పాలిపోయింది. ఆ టర్బో ఇంజను ఒకే పేరుతో, ఒకే సైజుతో రెండు రకాలుగా వచ్చింది. మొదటి రకంలో ఇంజను కింది భాగాన్నీ పై భాగాన్నీ కలిపి తిప్పేది రబ్బరు బెల్టు. అది నూనెలో తడుస్తూనే తిరుగుతుంది. ఏళ్లు గడిచేసరికి నాని, పొలుసులుగా రాలి, నూనె పీల్చుకునే జల్లెడకు అడ్డం పడుతుంది. నూనె అందకపోతే ముందు టర్బో పోతుంది, దాని వెనకే ఇంజను పోతుంది. తర్వాత వచ్చిన రకంలో బెల్టు తీసేసి ఉక్కు చెయిన్ పెట్టారు. దానితో ఈ పీడ లేదు. మరి తమ కారులో ఉన్నది ఏది?

కాగితాల్లో సంవత్సరం చూస్తే చెయిన్. అమ్మినాయన చెప్పింది చెయిన్. ఫోనులో బండి నంబరు కొట్టి చూస్తే అక్కడా చెయినే.

“మరింకేం?” అంది భార్య.

మరి దీపం ఎందుకు వెలిగిందని అతను అడిగాడు. అది సోఫాలో కూచుంటే తేలదని ఆమె చెప్పింది. “పిన్ని దగ్గరికి తీసుకెళ్లండి. నేను మాత్రం సోమవారం చేరుతున్నాను. కారులోనో, కాళ్ల మీదో, అది మీరిద్దరూ తేల్చండి.”

మెకానిక్ షెడ్ల వీధి చివర ఉంటుంది పిన్ని షెడ్డు. ఆమె ఎవరికి పిన్నో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పక్కనే టైర్ల కొట్టు నడిపే మరిది ఒక్కడే వదినా అంటాడు, మిగతా అందరికీ పిన్నే. షెడ్డు ఆమె తండ్రిది. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలు, అదీ కవలలు. బళ్లో టీచర్లు వాళ్లను రిబ్బన్ల రంగు చూసి గుర్తుపట్టేవారు. ఎర్ర రిబ్బను అక్క, నీలం రిబ్బను చెల్లెలు. లెక్కలంటే చెల్లెలికి చేదు, పాటలంటే అక్కకు చేదు. కాబట్టి పరీక్షల రోజున రిబ్బన్లు అటూ ఇటూ అయ్యేవి. తండ్రి కూడా బోల్తా పడేవాడు. తల్లి ఒక్కతే రిబ్బను వంక చూసేది కాదు. చెవి వెనక జుట్టు పక్కకు తీసి పుట్టుమచ్చ చూసేది, తర్వాతే తిట్టడం మొదలుపెట్టేది. ఎర్ర రిబ్బను పిల్ల పెద్దదై పాఠాలు చెప్పుకుంటోంది. నీలం రిబ్బను పిల్ల తండ్రికి పానాలు అందిస్తూ అందిస్తూ కారు కింద దూరి, ఇక బయటికి రాలేదు. ఆమే ఈ పిన్ని.

తండ్రి పోయాక షెడ్డు అమ్మేయమని చెప్పని చుట్టం లేడు. బస్సు డ్రైవరైన మొగుడు ఒక్కడే, నడిపేది నువ్వు, అమ్మేదీ మానేదీ నువ్వే అన్నాడు. ఆమె అమ్మలేదు. మొదట్లో వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి మెకానిక్ లేడా అని అడిగేవారు. “ఈ కాళ్లు ఎవరివనుకున్నావ్?” అని కారు కిందినుంచి జవాబు వచ్చేది. ఇప్పుడు ఎవరూ అడగరు. మోకాళ్లు మొరాయిస్తున్నా, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జారిపోవడంలో ఆమె వేగం తగ్గలేదు.

శనివారం పొద్దున అతను కారు తీసుకెళ్లి, ల్యాబులో రిపోర్టు చదివినట్టు మూడు సాక్ష్యాలూ వినిపించాడు. పిన్ని చేతులు తుడుచుకుంటూ విన్నది. ఫోనులో కనబడ్డ వివరం ఎక్కడిదని అడిగింది. రిజిస్ట్రేషను కాగితాల నుంచి వచ్చి ఉంటుందన్నాడు. అమ్మినాయనకు ఎలా తెలుసంది. ఆయనా అవే చూసి చెప్పి ఉంటాడు.

“అంటే చెప్పింది ఒకరు, వల్లించింది ఇద్దరు,” అంది పిన్ని. “ఆ కాగితంలో ఉన్నది కూడా బండి అమ్ముడుపోయిన ఏడాది. చేసిన ఏడాది కాదు. అమ్ముడుపోకుండా షోరూము వెనక ఎన్నాళ్లు ఎండిందో ఎవరికి తెలుసు?”

అతను నాలిక కరుచుకున్నాడు. ఒకే కుళాయి నుంచి మూడు సీసాలు నింపి తెచ్చి మూడు వీధుల నీళ్లని ఎవరైనా చెబితే ల్యాబులో తను ఊరుకుంటాడా? సొంత కారు దగ్గరికి వచ్చేసరికి మూడు సీసాలూ వరసగా నిలబెట్టి మురిసిపోయాడు.

ఈలోగా మరిది వచ్చి బానెట్‌లోకి తొంగి చూశాడు. ఇంజను మీది నల్ల ప్లాస్టిక్ కవరు చెయిన్ రకానిదేననీ, దూరం నుంచే చెప్పొచ్చనీ తీర్పు ఇచ్చేశాడు.

“నువ్వు చెప్పగలవు నాయనా,” అంది పిన్ని. “మొన్న బస్టాండులో చొక్కా చూసి మీ అన్నేననుకుని ఎవరి వీపు మీదో చరిచావు.”

“ఆయన కూడా ఏమనలేదు వదినా. టీ ఇప్పించాడు.”

పిన్ని కవరు ఎత్తింది. ఒక వైపు క్లిప్పులు సరిగ్గా కూచోక తీగతో కట్టేసి ఉన్నాయి. కవరు ఈ కారుతో పుట్టింది కాదు. ఈ వీధిలో కవర్లు గొడుగుల్లాంటివని ఆమె అతనికి చెప్పింది. ఒకటి విరిగితే పాత సామాను గుట్టలోంచి ఇంకొకటి తెచ్చి తగిలిస్తారు. ఎవరిది ఎవరింటికి చేరిందో ఎవరూ వెతకరు. అందుకే తను రిబ్బను చూడదు, పుట్టుమచ్చ చూస్తుంది. అది కూడా ఒక్కటి చాలదు. ఒకదాన్ని చూసి ఒకటి చెప్పని సాక్ష్యాలు రెండు కావాలి.

మొదటిది ఇంజను ఒంటి మీద కొట్టిన నంబరు. గేరుబాక్సు అతికే చోట, పైనుంచి కనిపించని మూల. పిన్ని పలక మీద జారి కిందికి వెళ్లింది. బ్రష్షు, కిరోసిన్, గోకుడు. మట్టి పోయింది గానీ కింద తుప్పు. అక్షరాలు ఉన్నట్టూ లేనట్టూ ఉన్నాయి. ఎదురుగా లైటు వేస్తే అంతా ఒకే తెలుపు. అప్పుడు అతనూ చొక్కా సంగతి మరిచి పక్కనే పడుకుని, లైటును పక్కకు వాల్చి పట్టుకుంటానన్నాడు. వెలుగు ఏటవాలుగా పడితే లోతున్న చోట నీడ నిలుస్తుంది. నిలిచింది. అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. మొదటి రెండూ చూడగానే ఇద్దరికీ తెలిసిపోయింది. అవి బెల్టు రకానివి.

అతను లైటు దించేశాడు. అయితే బెల్టే అన్నాడు.

“ఆగు నీళ్ల డాక్టరూ,” అంది పిన్ని. అంతకుముందు ఆ పేరు లేదు, అప్పుడే పుట్టింది. “లైటు మాత్రం భలే పట్టావు. కాని తుప్పులో చదివిన అక్షరం సగం మనం ఊహించిందే. లోపలికి చూద్దాం పద.”

ఆ ఇంజనులో నూనె పోసే మూత తీస్తే, తిరిగేది ఏదైనా సరే కొంచెం కనిపిస్తుంది. మూత తీసి లైటు వేశారు. లోపల అంతా తారు పూసినట్టు నలుపు. పట్టీలా ఏదో ఉంది. బెల్టో, మడ్డి పట్టిన చెయినో చెప్పడం కష్టం. మరిది తొంగి చూసి ఈసారి తీర్పు ఇవ్వకుండా వెనక్కి తగ్గాడు. అతను ఆ నలుపు వైపే చూస్తూ, అయస్కాంతం ఉందా పిన్నీ అని అడిగాడు. చెయినైతే ఉక్కు, అంటుకుంటుంది. రబ్బరైతే అంటుకోదు.

పిన్ని కింద పడిన నట్లు ఏరే అయస్కాంతం పుల్ల తీసింది. చివర మిర్చిగింజంత అయస్కాంతం. ఇంజను తిరగకుండా బండి తాళం తీసేసి ఉందో లేదో మళ్లీ చూసుకుని, “నీ ఆలోచన, నువ్వే పెట్టు,” అని చేతికిచ్చింది.

అతను పుల్ల లోపలికి దించాడు. టక్కున అంటుకుంది. ఒళ్లంతా తేలికైపోయింది. చెయిన్, చెయినే, అనుకున్నాడు. సోమవారం, కొండ, లారీ, అన్నీ ఒక్క దెబ్బకు మాయమైపోయాయి.

“ఎక్కడ అంటుకుంది?” అని పిన్ని అడిగింది.

చూశాడు. పట్టీ మీద కాదు, పట్టీ పక్కనున్న పళ్ల చక్రం మీద. భయపడే మనిషి చెయ్యి కూడా తనకు కావలసిన వైపే పోతుందని అతనికి అప్పుడు అర్థమైంది. పుల్లను లాగి, సరిగ్గా పట్టీ నడుమ ఆనించాడు. అంటుకోలేదు. జరిపి ఆనించాడు. అంటుకోలేదు. పిన్ని పుల్లకు గుడ్డ చుట్టి అక్కడ తుడిచి తీసింది. గుడ్డ మీద నల్లటి పొలుసులు. వేళ్ల మధ్య నలిపితే పెన్సిలు రాత చెరిపాక మిగిలే తురుములా మెత్తగా సాగాయి.

ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పారు. బెల్టు. అదీ రాలుతున్న బెల్టు.

అతను భార్యకు ఫోను చేశాడు. ఆమె ఏడుస్తుందో, ఉద్యోగం మానేస్తానంటుందో అనుకున్నాడు. ఆమె అంతా విని, “సరే, ఏదో ఒకటి తెలిసింది కదా. రేపు సాయంత్రానికి అవుతుందా, అడిగి చెప్పండి,” అంది.

అవుతుందని పిన్ని అంది. మరిది స్కూటరేసుకుని కొత్త బెల్టు, దానితో మారాల్సినవి తెచ్చాడు. కవరు చూసి కాదు, నంబరు చెప్పి మరీ తెచ్చానని వదినకు వినబడేటట్టు రెండుసార్లు అన్నాడు. పిన్ని ఇంటికి పొమ్మన్నా అతను పోలేదు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని విప్పి దించితే, జల్లెడ సగానికి పైగా నల్లగా పూడుకుపోయి ఉంది. ఎత్తులో, మలుపులో నూనె ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ మిగిలిన సగం చాలక దీపం వెలిగిందన్నమాట. జల్లెడ పూర్తిగా పూడుకుని ఉంటే ఏమయ్యేదో అతను లెక్క కట్టబోయి మానుకున్నాడు. దాన్ని కడిగే పని తనే అడిగి తీసుకున్నాడు. ల్యాబులో గాజు సామాను కడిగినట్టు, కన్నం కన్నం వెలుగుకు పట్టి చూస్తూ కడిగాడు. మరిది చూసి, అంతలా కడిగితే జల్లెడ సిగ్గుపడుతుందన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని టర్బో గొట్టం విప్పి, లోపలి చక్రాన్ని వేలితో తిప్పింది. అది చప్పుడు లేకుండా తిరిగి, నిదానంగా ఆగింది. అటూ ఇటూ కదిలించి చూసింది. ఊగడం లేదు. బాగానే ఉంది అంది. అతను రాత్రుళ్లు కలవరించింది ఆ చక్రం గురించే. అది పగిలి ముక్కలై ఇంజనులోకి పోయినట్టు ఎన్ని రకాలుగా ఊహించాడో అతనికే తెలుసు.

సాయంత్రం వెలుగుండగానే పిన్ని స్టీరింగు పట్టుకుంది, అతను పక్కన కూచున్నాడు. కొండ ఎక్కారు. దీపం వెలిగిన మలుపులో పిన్ని కావాలనే యాక్సిలరేటరు గట్టిగా తొక్కింది. దీపం వెలగలేదు. కిందికి దిగి, వెనక్కి తిప్పి, మళ్లీ ఎక్కింది. వెలగలేదు. కొండ మీద బండి ఆపి, బానెట్ ఎత్తి, కారుతోందేమోనని చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు గట్టు మీద కూచుంది.

ఇక భయం లేదు కదా పిన్నీ అని అతను అడిగాడు. లేదంటుందనుకున్నాడు.

“భయం ఎక్కడికి పోతుంది, కూతురున్నవాడివి,” అంది ఆమె. “కాని చూడు, నువ్వు టర్బో పేలుతుందని భయపడ్డావు. అది నిక్షేపంగా ఉంది. చూడకుండా భయపడితే మనిషి ఎప్పుడూ పక్కదానికే భయపడతాడు. ముందు మూత తీసి చూడు. చూశాక కావలసినంత భయపడు, నేను వద్దనను.”

సోమవారం తల్లీ కూతుళ్లు కొండ ఎక్కారు. అతను ల్యాబులో కూచుని ఊహించుకోలేదని చెబితే అబద్ధం. కాని పొద్దున్నే నూనె పుల్ల తీసి మట్టం చూశాడు, టైర్లు చూశాడు, చూడగలిగింది అంతా చూశాడు. ఊహకు మిగిలిన చోటు అంతకుముందుకన్నా తక్కువ. చేరామని భార్య ఫోను చేసేదాకా ఆ తక్కువతోనే నెట్టుకొచ్చాడు.

ఆ నెలలోనే ఒక సాయంత్రం పాప ఏడుపు మొదలుపెట్టింది. పాలు వద్దంది, ఎత్తుకున్నా ఆపలేదు. ఎప్పుడూ లేని కీచు ఏడుపు. అతని తల ఒక్క క్షణంలో మెదడు జ్వరం దాకా వెళ్లి వచ్చింది. భార్య డాక్టరుకు ఫోను చేద్దామా అంటోంది. చేద్దాం, ముందు చూద్దాం అన్నాడు. పాపను మంచం మీద పడుకోబెట్టి తల నుంచి మొదలుపెట్టాడు. నుదురు చల్లగా ఉంది. చెవులు, మెడ, చంకలు, పొట్ట, వేళ్లు. చివరికి మేజోళ్లు విప్పాడు. ఎడమ కాలి చిటికెనవేలు ఎర్రగా ఉబ్బి ఉంది. లైటు పక్కకు వాల్చి చూస్తే దాని మొదట్లో సన్నని గీత. భార్య తలవెంట్రుక ఒకటి మేజోడులోకి చేరి వేలికి బిగుసుకుంది. మొన కత్తెరతో మెల్లగా తెంపాడు. వేలి రంగు మెల్లమెల్లగా వెనక్కి వచ్చింది, పాప వెక్కుతూ వెక్కుతూ ఊరుకుంది. అప్పుడు అతను మంచం అంచున కూచుని, కావలసినంతసేపు భయపడ్డాడు.