రెండు వైపులా నల్ల రబ్బరుతో ఆడిన మా అనసూయ వదిన

నిన్న పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, "పద్మా, మీ వదిన పోయిందే" అన్నాడు.

"ఏ వదిన?" అని అడిగాను.

అలా ఎందుకు అడిగానో నాకే తెలియదు. నాకున్నది ఒక్క వదినే.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న సాయంత్రం వీడియో కాల్‌లో మాట్లాడింది. మోకాళ్ల నొప్పి తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆవిడ టేబుల్ టెన్నిస్ ప్లేయర్ అని మన ఫ్యామిలీ గ్రూపులో చిన్నవాళ్లకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

వదిన పెరిగింది మాచర్ల అవతల, సాగర్ డ్యామ్ కాలనీలో. వాళ్ల నాన్నగారి ఉద్యోగం అక్కడే. కాలనీ క్లబ్బులోనే ఆట నేర్చుకుంది.

ఎనభైల మొదట్లో పెళ్లయి నరసరావుపేట వచ్చాక, అన్నయ్యతో పాటు టౌన్ క్లబ్బుకు వెళ్లేది. పమిట నడుముకు దోపుకుని ఆడేది.

అన్నయ్యది కొట్టే ఆట. ఆయన బ్యాట్‌కు గట్టి చెక్క, మందపాటి స్పాంజ్ ఉన్న ఫాస్ట్ రబ్బరు. బాల్ తగిలితే తూటాలా పోవాలి ఆయనకు.

వదినది ఆపే ఆట. టేబుల్‌కు దూరంగా నిలబడి, ఎంత గట్టిగా కొట్టినా బాల్‌ను అడుగున కోసినట్టు తాకి వెనక్కి పంపేది. స్లోగా ఉండే మెత్తటి చెక్క. ఫోర్‌హ్యాండ్ వైపు నున్నటి రబ్బరు, రెండో వైపు పొడవాటి బొడిపెల రబ్బరు. ఆ బొడిపెలకు తగిలిన బాల్ స్పిన్ తారుమారై వెళ్తుంది.

రెండూ నల్లవే. చేతిలో బ్యాట్ గిర్రున తిప్పేది. ఏ వైపుతో ఆడిందో అవతలివాళ్లకు తెలిసేది కాదు.

ఓడిపోయిన మగవాళ్లు, "ఆటేముందిలే, అంతా ఆ బ్యాట్ మాయ" అనేవాళ్లు.

వదిన నవ్వి ఊరుకునేది. కానీ ఒకరోజు వంటింట్లో నన్ను అడిగింది. "నిజంగా అంతేనంటావా పద్మా?"

ఆ తర్వాత ఒక ఏడాది జిల్లా టోర్నమెంట్ మా ఊరి కాలేజీ హాల్లో పెట్టారు. పొద్దున అన్నయ్య మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాడు. మధ్యాహ్నం వదిన మ్యాచ్. అవతల గుంటూరు అమ్మాయి, మంచి హిట్టర్.

అంపైర్ వదిన బ్యాట్ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. ఒక వైపు ఎరుపు, ఒక వైపు నలుపు ఉండాలని కొత్త రూల్. దాని గురించి విన్నాం గానీ, మాదాకా అంత త్వరగా వస్తుందనుకోలేదు.

వదిన మొహం పాలిపోయింది.

అన్నయ్య తన బ్యాట్ మీది ఎర్ర రబ్బరు అంచు పట్టుకుని చర్రున లాగేశాడు.

"అయ్యో, కొత్తదండీ!" అంది వదిన.

"నా పని పొద్దున్నే అయిపోయిందిగా! ఆ నున్నటిది పీకెయ్యి ముందు."

ఎదురుగా మస్తాన్ భాయ్ పంక్చర్ షాపుకు పరిగెత్తి సొల్యూషన్ తెచ్చాను. అంటించి, అంచులు బ్లేడుతో కోశారు.

మొదటి గేమ్ ఘోరం. ఆ ఫాస్ట్ రబ్బరుతో వదిన మెల్లగా ఆపబోయినా బాల్ టేబుల్ దాటిపోయేది. బయట ఎవరో, "చూశావా, రంగు తెలిసేసరికి ఆట అయిపోయింది" అన్నారు. వదినకూ వినబడింది.

గేమ్ అయ్యాక అన్నయ్య వెళ్లి, "దాంతో ఆపబాకే. అది ఆపే రబ్బరు కాదు, కొట్టు" అన్నాడు.

"నాకు కొట్టడం ఎక్కడొచ్చండీ?"

"నల్లదాంతో నీ ఆట నువ్వు ఆడు. బాల్ లేచిందా, ఎర్రదాంతో కొట్టు. పోతే పోద్ది."

రెండో గేమ్‌లో వదిన బొడిపెల వైపుతో బాల్‌ను అడుగున కోసి పంపింది. బాల్ కొంచెం లేచి తిరిగొచ్చింది. ముందుకు దూకి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టింది. గుంటూరు అమ్మాయి కదలనైనా లేదు.

ఆ గేమ్ గెలిచింది. మూడోది కొద్దిలో పోయింది.

ఓడిపోయి వచ్చిన మనిషి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "పద్మా, నేను కొట్టగలను! చూశావా?"

ఎర్ర రబ్బరు అన్నయ్యకు తిరిగి ఇవ్వలేదు. ఆపుతూ ఆపుతూ ఉన్నట్టుండి కొట్టడం అప్పటినుంచి ఆమె ఆట అయింది. మరుసటి ఏడాది జిల్లా ఛాంపియన్. క్లబ్బులో మళ్లీ ఎవరూ మాయ అనలేదు.

తర్వాత ఆడపిల్లలు ఏ రబ్బరు కొనాలని అడిగితే వెంటనే చెప్పేది కాదు. "నీ ఆట ముందు చూడనీ" అనేది. కంగారుపడే పిల్లకు స్లో చెక్క, భయపడే పిల్లకు ఫాస్ట్ రబ్బరు ఇప్పించేది. ఇది తిరకాసుగా ఉందేమిటని నేను అడిగితే, "భయపడేదానికి తను కొట్టిన దెబ్బ ఒక్కటి సరిగ్గా పడితే చాలే" అంది.

నిన్న అంతా అయిపోయాక అన్నయ్య వరండాలో కూర్చుని, మామూలుగానే అన్నాడు.

"మిక్స్‌డ్ డబుల్స్‌లో మాకు ఎన్నడూ కుదర్లా పద్మా. నేను తొందరపడేవాణ్ణి, అది నిదానించేది. ఇంట్లో మాత్రం ఇన్నేళ్లు చానా బాగా కుదిరింది."

ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాడు.

వెళ్లిరా వదినా. ఇక ఏ నొప్పీ లేకుండా హాయిగా ఉండు. అన్నయ్యను మేం చూసుకుంటాం.