కర్ర నిండా ఒకే ఊరు

వియన్నాలో చలికాలం సగమైనా గడవకముందే ఒట్టోకార్ స్క్రబల్ వేసవి సెలవులకు ప్రణాళిక వేసేవాడు. ప్రణాళిక అన్నది పెద్ద మాట. పోయిన ఏడు చేసిందే మళ్ళీ చేయడానికి ఆయన పెట్టుకున్న పేరు అది. ఆదివారం భోజనమయ్యాక బల్ల తుడిపించి, ఆల్ప్స్ పటం పరిచి, లేచిపోకుండా మూలల్లో కాఫీ కప్పులు పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, పటంలోని కొండల్నీ ఊళ్ళనీ సరస్సుల్నీ వేలితో ఒక్కొక్కటే తడిమేవాడు. ఆ కాసేపూ ఆ ముఖంలో ఎంత గాంభీర్యమో, యుద్ధానికి వెళ్ళే సేనాపతి కూడా అంత ఆలోచించడు. చివరికి ఆ వేలు వెళ్ళి లిండెన్‌బాహ్ మీద వాలేది. పెళ్ళయిన నాటి నుంచి అది ఇంకోచోట ఆగిన పాపాన పోలేదు. వేలు పెట్టీ పెట్టీ అక్కడి కాగితం అరిగిపోయి సరస్సుకు చిల్లు కూడా పడింది.

"ఈసారి లిండెన్‌బాహ్ వెళదామా?" అనేవాడు, అప్పుడే తట్టినట్టు.

ఆయన భార్య హెర్మినె ఆ బల్ల దగ్గరే నిలబడి కేకు ముక్కలు కోస్తూ వినేది. పెళ్ళికి ముందు ఆమె చేతితొడుగుల దుకాణంలో పనిచేసేది. సాయంత్రాలు డాన్యూబ్ పాయలో అవతలి గట్టు దాకా ఈది వచ్చేది. అలాంటి మనిషి పోయి పోయి స్క్రబల్‌ను కట్టుకుంది. ఆయనకు నీళ్ళంటే చూసేవి, దిగేవి కావు. తిన్నాక దిగితే అజీర్తి, తినక దిగితే నీరసం. ఆయన ఎప్పుడూ తినబోతూనో తినేసో ఉండేవాడు కాబట్టి హెర్మినెకు నీళ్ళలో దిగే గడియే కుదిరేది కాదు.

స్క్రబల్ ట్రామ్ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా హోదా మాత్రం పోలేదు. రొట్టెల కొట్టులో కూడా "సూపరింటెండెంటు గారూ" అని పిలిస్తేనే ఆయనకు చెవులు వినపడేవి. హెర్మినె ఏ ఆఫీసు గడపా తొక్కకపోయినా "సూపరింటెండెంటమ్మ గారు" అయి కూర్చుంది.

ఆయన చేతికర్ర గురించి చెప్పాలి. కొండ ఊళ్ళు తిరిగేవాళ్ళు వెళ్ళిన ప్రతి చోటా ఆ ఊరి పేరూ బొమ్మా ఉన్న చిన్న రేకు బిళ్ళ కొని చేతికర్రకు మేకులతో కొట్టించుకుంటారు. కర్ర చూస్తే మనిషి ఎంత తిరిగాడో తెలిసిపోతుంది. స్క్రబల్ కర్ర పిడి నుంచి మొన దాకా బిళ్ళలతో తళతళలాడుతూ ఉండేది. దూరం నుంచి చూసినవాళ్ళు, అబ్బో, ఈయన చూడని కొండ లేదు అనుకునేవాళ్ళు. దగ్గరికి వస్తే అన్నిటి మీదా ఒకే చర్చి, ఒకే పడవ, ఒకే పేరు. లిండెన్‌బాహ్, లిండెన్‌బాహ్, లిండెన్‌బాహ్. దానికి సిగ్గుపడాల్సింది పోయి, రైల్లో ఆ కర్రను అందరికీ కనబడేలా మోకాళ్ళ మధ్య నిలబెట్టుకునేవాడు.

ఒక చలికాలం హెర్మినె మొదటిసారి కత్తి కింద పెట్టి పటం మీదకు వంగింది.

"ఏమండీ, ఈసారి ఈ పక్కది చూద్దామండీ. హింటర్‌మోస్ సరస్సు. కనుమ అవతలే, లిండెన్‌బాహ్ నుంచి బస్సుంది. నీళ్ళు పచ్చగా ఉంటాయని కింది ఇంటావిడ చెప్పింది."

"నీళ్ళకి రంగేమిటే పిచ్చిదానా? సరస్సంటే ఓ గుంట, అందులో నీళ్ళు. ఒకటి చూస్తే వంద చూసినట్టే."

"మరి ఆ ఒక్కటీ వందసార్లు ఎందుకండీ చూడ్డం?"

"ఎందుకా? ఈ ఏడు బంగారు పతకమే! ఒక్క వేసవి తప్పామా, మళ్ళీ మొదటికొస్తుంది లెక్క. అది చేతికి రానీ. ఆ తర్వాత నువ్వెక్కడికంటే అక్కడికే. అదే వారం, ఆ బస్సే ఎక్కుదాం. సరేనా?"

ఏళ్ళ తరబడి మానకుండా వచ్చిన అతిథులకు ఆ ఊరివాళ్ళు పతకాలిస్తారు. మొదట కంచు, తర్వాత వెండి, ఆపైన బంగారు పూత. అదేదో ఘనకార్యం చేసినట్టు. వేరే ఊరు వెళ్ళే తెగువ లేనివాడికి విశ్వాసపాత్రుడని పేరు. కంచు వచ్చినప్పుడూ స్క్రబల్ ఈ మాటే ఇచ్చాడు, వెండి వచ్చినప్పుడూ ఇదే మాట. హెర్మినె మళ్ళీ నమ్మింది. నమ్మేవాళ్ళున్నంత కాలం అలాంటి మగవాళ్ళకు ఏ లోటూ ఉండదు. ఆమె వెళ్ళి ఈతకు ఒక నీలం దుస్తు కొనుక్కుని పెట్టె అడుగున దాచుకుంది.

వేసవి వచ్చింది. అదే రైలు, అదే గది. సత్రం యజమానురాలు వాల్‌బుర్గా అటక మీద నుంచి వాళ్ళ పాత బూట్లు దించింది. ఎదురుగా వంగి దండం పెట్టి, వంటింట్లోకి వెళ్ళి "వచ్చాడు గడియారం" అంది.

ఆదివారం చర్చి ముందు సభ జరిగింది. బాకాలు, డోలు, చిన్న గ్లాసుల్లో సారా. మిగతా రోజుల్లో మాంసం కొట్టు నడిపే మేయరు ఆ రోజు మెడలో గొలుసు వేసుకుని వచ్చాడు. స్క్రబల్ కోటుకు పతకం గుచ్చాడు, హెర్మినె జాకెట్టుకూ గుచ్చాడు. కొత్త జాకెట్టుకు చిల్లు పడింది. పడితే పడింది, రేపు బస్సెక్కుతాను కదా అనుకుందామె.

"ఇంకో మాట," అన్నాడు మేయరు. "సూపరింటెండెంటు గారు ఇంకో అయిదేళ్ళు ఇలాగే దయచేస్తే, సరస్సు గట్టున ఆయన పేరు చెక్కించి బెంచీ వేయిస్తాం!"

"వస్తాం!" అని అరిచాడు స్క్రబల్. భార్య వైపు తల కూడా తిప్పలేదు. ఆ అరుపు మీదే డోలు మోగింది.

గదికి వచ్చాక హెర్మినె అంది, "మీరు మాటిచ్చారు."

"మాట ఎక్కడికి పోతుందే? ఆ బెంచీ కూడా రానీ. హాయిగా దాని మీద కూర్చుని ఆ కనుమను చూసుకోవచ్చు."

"బెంచీ మీద నా పేరు కూడా చెక్కుతారా?"

"స్క్రబల్ అని చెక్కితే నువ్వూ వచ్చినట్టేగా?"

హెర్మినె ఆయన్ని చూసింది. పతకం తీయకుండానే చొక్కా మార్చుకోవాలని అవస్థ పడుతున్నాడు. ఈ మనిషి కోసమా ఇన్ని వేసవులు గంగలో కలిపింది? కోపం కూడా దండగే అనిపించింది. పెట్టె అడుగు నుంచి నీలం దుస్తు తీసి సంచీలో పెట్టుకుంది.

మర్నాడు స్క్రబల్ కిటికీ పక్క తన బల్ల దగ్గర గుడ్డు పెంకు పగలగొడుతుండగా ఆమె సంచీ భుజాన వేసుకుని వచ్చింది. మోకాలు వాచి ఉండడంతో మూలనున్న ఆయన కర్ర తీసుకుంది.

"నా కర్ర ఎందుకే?"

"మోకాలు నొప్పి."

"ఎక్కడికి?"

"అవతలికి."

"ఇవాళ మధ్యాహ్నం చేప వేయిస్తారే!"

"తినండి. ఏ ముల్లు ఎక్కడుంటుందో మీకు కంఠతా వచ్చుగా."

బస్సు కనుమ ఎక్కి దిగింది. హింటర్‌మోస్ నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. కింది ఇంటావిడ అబద్ధం చెప్పలేదు. హెర్మినె బస్టాండులో ఒక సాసేజి తిని, తిన్న వెంటనే నీలం దుస్తు వేసుకుని నీళ్ళలో దిగింది. వేళ్ళు ముడతలు పడేదాకా ఈదింది. అజీర్తి రాలేదు. గట్టున పడుకుని కాసేపు ఏడ్చింది, తర్వాత తనను తానే తిట్టుకుంది. ఇంత దగ్గరగా ఉన్న నీళ్ళకు ఒక పనికిమాలిన మనిషి అనుమతి కోసం జుట్టు నెరిసేదాకా కాచుకుంది కదా అని.

బస్సుకు ఇంకా వేళ ఉండగా రేకు బిళ్ళలు అమ్మే దుకాణంలోకి వెళ్ళింది. పచ్చ రంగు సరస్సున్న బిళ్ళ ఒకటి ఏరుకుని, దాంతోపాటు కర్ర కూడా అందించింది. దుకాణదారు సుత్తి పట్టుకుని కర్రను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఖాళీ లేదమ్మా. అరె, ఇవన్నీ లిండెన్‌బాహ్‌వే! ఎవరిదమ్మా ఈ కర్ర?"

"మా ఆయనది. గొప్ప యాత్రికుడు లెండి."

అతను నవ్వు ఆపుకోలేక సుత్తి కింద పెట్టాడు. "కొత్తది కొట్టాలంటే పాతది ఒకటి పీకాలమ్మా. ఏది పీకమంటారు?"

"మీ ఇష్టమండీ," అంది హెర్మినె. "ఏది పీకినా ఒకటే."